అవతలి రాజుకు కుర్చీ వేసిన రోజు

ఈ మధ్య పెళ్ళిపత్రికలు చదవడం నా వల్ల కావడం లేదు. చూపు తగ్గి కాదు. ఆహ్వానించువారు, అభినందించువారు, ఆశీర్వదించువారు, వాళ్ళ హోదాలు, మాజీ హోదాలు దాటుకుని పోతే గానీ పెళ్ళికొడుకు దొరకడం లేదు. మొన్న వచ్చిన పత్రికలో ఇంటిల్లిపాదీ వెతికితే ముహూర్తం కనపడింది గానీ కల్యాణమండపం కనపడలేదు. ఫోన్ చేసి అడిగాను. "ఏం జేసేది సార్, ఒకరి పేరు వదిలేస్తే ఆ వైపు వాళ్ళంతా రారు. జాగా చాలక మండపాన్ని వదిలేసినాము" అన్నాడు పెళ్ళికొడుకు తండ్రి. అతని కష్టం నాకు తెలుసు. నేనొకప్పుడు అంతరిక్ష నౌకను నడిపినవాణ్ణి.

నడపడమంటే రాయడం. తొంభైల చివర్లో మదనపల్లెలో ఒక కేబుల్ ఆఫీసులో చేరాను. నేను చదివింది భౌతికశాస్త్రం. ఆ సర్టిఫికెట్టు చూసి మా ఓనరు, "ఫిజిక్సంటే కరెంటు పని గూడా వచ్చుంటాది కదప్పా" అని ఉద్యోగమిచ్చాడు. రాలేదు. దాంతో నా చేత వార్తలు చదివించాడు. టమోటా ధరలు, తప్పిపోయిన ఎనుముల ప్రకటనలు, పుట్టినరోజు శుభాకాంక్షలు. రిటైరయ్యే దాకా నా పదవి ప్రోగ్రామ్ ఇన్‌ఛార్జి. ఛార్జి ఎప్పుడూ ఓనరు దగ్గరే ఉండేది.

పెద్ద ఛానళ్ళు వచ్చి అత్తాకోడళ్ళను మొత్తం ఎత్తుకుపోయాయి. మా లోకల్ ఛానల్ చూసేవాళ్ళు లేకుండా పోయారు. ఓనరు ఒకరోజు పిలిచి, "భూమ్మీద మనకేం మిగల్లేదప్పా. ఆకాశంలో తీద్దాం. ఆకాశానికి బాడుగ లేదు గదా" అన్నాడు. అలా మొదలైన సైన్స్ ఫిక్షన్ సీరియల్ ఆదివారం ఆదివారం ఆరేడేళ్ళు నడిచింది. ఇప్పుడు ఫోన్లలో సిరీస్‌లు తీసే పిల్లలు నన్ను అప్పుడప్పుడూ అడుగుతుంటారు, అన్నేళ్ళు ఎలా నడిపారని. అసలు అడగాల్సింది ఎలా ఆగిపోయిందని. అందుకే ఇది రాస్తున్నాను.

నిమ్మనపల్లె రోడ్డులో ఓనరుకు పాత పట్టుపురుగుల షెడ్డు ఉండేది. పురుగులు గూళ్ళు కట్టుకునే వెదురు చంద్రికలు అక్కడ గోడల నిండా ఉండేవి, పెద్ద పెద్ద చుట్టలు చుట్టినట్టు. వాటికి వెండిరంగు పూసి, వెనకాల పెళ్ళిళ్ళ బల్బులు పెట్టి, షామియానా అంగడి నుంచి మూడు ఇనుప కుర్చీలు తెచ్చి వెండికాగితం అంటించాము. నౌక తయారైంది. వాసన మాత్రం పురుగులదే. అది ఎన్నేళ్ళకూ పోలేదు. కెప్టెన్ ముక్కుపుటాలు బిగించి దూరంగా చూస్తుంటే జనం దాన్ని గాంభీర్యం అనుకునేవాళ్ళు.

కెప్టెన్ మా ఓనరుకు బావమరిది. ఫోటో స్టూడియో ఆయనది, కెమెరా ఆయనదే, కనక కెప్టెన్ కూడా ఆయనే. రెండో కుర్చీలో సైంటిస్టు. మూడో కుర్చీలో నర్సు. ఎదురుగా విలన్.

విలన్ మొదట శనిగ్రహానికి రాజు. రెండో వారమే ఒక జ్యోతిష్యుడు ఆఫీసుకొచ్చాడు. "నా దగ్గిరికొచ్చేవాళ్ళంతా శనికి నూనె పోసుకునేవాళ్ళు. మీరు ఆయన్ను విలన్ జేసి కూసోబెడితే వాళ్ళు యాడికి పోవాల?" అన్నాడు. న్యాయమే అనిపించింది. శనిని తీసేసి 'అవతలి గ్రహం' అన్నాము. విలన్ అవతలి రాజయ్యాడు. దాని మీద ఫిర్యాదు రాలేదు. అవతల ఎవరుంటారో ఎవరికీ తెలియదు కాబట్టి, వాళ్ళ తరఫున వచ్చేవాళ్ళు లేరు.

అవతలి రాజు వేషం కట్టిన మనిషిది కుప్పం. గ్రానైటు రాళ్ళకు పాలిష్ పట్టే యూనిట్లో పని. ఎండాకాలం మా వైపు ఊళ్ళలో పద్దెనిమిది రోజులు భారతం ఆడతారు, అందులో ఆయన దుర్యోధనుడు. ఊరంతా చూస్తుండగా తొడ విరగ్గొట్టించుకుని పడడం ఆయనకు ఏటా ఉన్న పనే. గొంతు ఎలాంటిదంటే, మైకు పెడితే మైకుకే ఇబ్బంది.

మొదటి ఆదివారం నేను ఆయనకు ఇచ్చిన కాగితంలో "ఓయీ కెప్టెన్, నీవు నా బారినుండి తప్పించుకొనజాలవు" అని ఉంది. దాన్ని రెండుసార్లు చదివి, మడిచి, రేకుతో చేసిన కిరీటంలో పెట్టుకున్నాడు. కెమెరా తిరగ్గానే కెప్టెన్ వైపు తీరిగ్గా చూసి, "ఏమప్పా కెప్టెనూ, దావ తప్పొచ్చినావా? రొంచేపు కూసో. నిన్ను తినేదానికి ఇంగా పొద్దుండాది" అన్నాడు.

కెమెరా పట్టుకున్నవాడు నవ్వాపుకోలేక బొమ్మ అంతా ఊగింది. దాన్ని భూకంపమని సర్దుకున్నాము. ఆ వారం నుంచి మదనపల్లె, పుంగనూరు, కుప్పం మూడూళ్ళలోనూ అవతలి రాజు తప్ప వేరే మాట లేదు. పుంగనూరు బస్టాండులో ఆటోవాళ్ళు, "ఏమప్పా కెప్టెనూ, దావ తప్పొచ్చినావా?" అని ప్రయాణికులను పిలిచేవాళ్ళు. నేను ఆయనకు రాయడం మానేశాను. 'ఇచట రాజు మాట్లాడును' అని రాసి నాలుగు పేజీలు ఖాళీగా వదిలేవాణ్ణి. నా రచనలో అందరూ మెచ్చుకున్న భాగం అదే.

ఇక కుర్చీల సంగతి.

మొదట వచ్చింది ఆడపిల్లల కాలేజీ నుంచి ఇద్దరు మేడమ్‌లు. "నౌకలో ఆడమనిషి ఒక్కతే. ఆమె చేసే పని కెప్టెన్‌కు కాఫీ ఇవ్వడం. నక్షత్రాల దాకా పోయినా మాకిదేనా?" అన్నారు. సిగ్గుపడ్డాను. నర్సును డాక్టరు చేశాము. పక్కన ఒక మహిళా పైలట్‌కు నాలుగో కుర్చీ వేశాము. కాఫీ ఫ్లాస్కు మాత్రం, వాళ్ళు చూడనప్పుడు, డాక్టరు కుర్చీ కిందే ఉండేది. కెప్టెన్‌కు అలవాటు.

తర్వాత పుంగనూరు నుంచి ఒక బట్టల వ్యాపారి వచ్చాడు. మా వాళ్ళ వెండి చొక్కాలకు గుడ్డ ఇచ్చేది ఆయనే. "క్యా సార్, నెలవంక చూసి పండగ జేసేది మేము, చంద్రుని మీదికి పొయ్యేది మీరొక్కరేనా?" అన్నాడు నవ్వుతూ. ఇంజనీరుగా ఒక ముస్లిం యువకుణ్ణి తెచ్చాము. రెండు వారాలకు మళ్ళీ వచ్చాడాయన. "సార్, మావోడు వచ్చేటప్పుడు సలాం అంటాడు, పొయ్యేటప్పుడు ఖుదా హాఫిజ్ అంటాడు. నడాన మిషన్ ఎప్పుడు రిపేరీ జేస్తాడు?" ఇంజనీరుకు స్పానరు ఇచ్చాము. పట్టుకునేవాడు. తిప్పే సన్నివేశం రాయడానికి నాకు చోటు దొరకలేదు.

మూడు చక్రాల సైకిల్ మీద ఒకాయన కురబలకోట నుంచి వచ్చాడు. "ఆకాశంలో అందరూ తేలతారంట గదా సార్. కాళ్ళతో పనేముండాది ఆడ? ఆడికి పోతే మీరూ నేనూ ఒకటే" అన్నాడు. అన్ని సంవత్సరాల్లో మా సీరియల్‌లోకి వచ్చిన ఒకే ఒక సైన్సు అది. ఆయననూ తీసుకున్నాము. తర్వాత గొర్రెలవాళ్ళ సంఘం, మగ్గాలవాళ్ళ సంఘం, గంగవరం నుంచి రైతులు. సోమవారం పొద్దున ఆఫీసు తలుపు తీయాలంటే నాకు నీరసం వచ్చేది. మెట్ల మీద ఎవరో ఒకరు కూర్చుని ఉండేవాళ్ళు, చేతిలో టవలు, మొహంలో న్యాయం.

నేను వాళ్ళను ఎగతాళి చేయడం లేదు. అందరికీ చోటుండాలనే దీనికి ఇప్పుడు మీరు చక్కని పేర్లు పెట్టుకున్నారు, సభలు పెట్టుకుంటున్నారు. మాకు పేరు తెలియకపోయినా విషయం తెలుసు. వచ్చినవాళ్ళు అడిగిన దాంట్లో అన్యాయం ఒక్కటీ లేదు, అదే నా కష్టం. అన్యాయమైతే కాఫీ ఇచ్చి పంపేయవచ్చు. మేము అడిగినవాళ్ళందరికీ కుర్చీ వేశాము. అయితే సీరియల్ అరగంట, ప్రకటనలు పోతే ఇరవై నిమిషాలు. కుర్చీలు పెరిగాయి గానీ నిమిషాలు పెరగలేదు. కెప్టెన్ తన మాటల్లో ఒక్కటీ వదలడు. అవతలి రాజు మాటలు తీస్తే చూసేవాళ్ళు ఊరుకోరు. మిగిలినవాళ్ళంతా వంతుల వారీగా "అలాగే కెప్టెన్" అనేవాళ్ళు.

పది కుర్చీలు కెమెరాలో పట్టలేదు. చివరి కుర్చీలో కూర్చున్నవాళ్ళది మోకాలు మాత్రం పడేది. "పోయిన వారం మావాడి మోకాలే సూపించినారు" అని ఫోన్లు. దాంతో ప్రతివారం కుర్చీలను తిప్పే పద్ధతి పెట్టాము. ఈ వారం మోకాలు వచ్చినవారికి వచ్చే వారం మొహం. ఇలాంటి పద్ధతి ఏ దేశపు అంతరిక్ష సంస్థలోనూ ఉండదని నా నమ్మకం.

అలా నడుస్తుండగా కుప్పం నుంచి ఒక మాస్టారు వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, నెమ్మదైన మనిషి. కూర్చోమంటే కూర్చోలేదు.

"సార్, మీ నౌకలో ఉండే పది మందీ రేడియోలో మాదిరి మాట్లాడతారు. మనుషుల్ని తినేవాడొక్కడే మా మాదిరి మాట్లాడతాడు. మా బడిలో పిలకాయలు నోరు తెరిస్తే పైజిల్లాల నుంచి వచ్చిన పిలకాయలు 'అవతలి రాజొచ్చినాడ్రా' అంటాండారు. మా బిడ్డలు ఇంట్లో మాట్లాడేది రాకాసుల బాసా? ఇది మీకు తమాషాగా ఉండాదా?"

తమాషాగానే ఉండేది, ఆయన అడిగే దాకా. నాది కురబలకోట పక్కన పల్లె. ఇంట్లో నేను మాట్లాడేది ఇంచుమించు అవతలి రాజు భాషే. పెన్ను పట్టుకుని కెప్టెన్‌కు రాయబోతే మాత్రం చెయ్యి దానంతటదే పరీక్ష తెలుగులోకి పోయేది. ఎందుకని నన్ను నేను ఎప్పుడూ అడుక్కోలేదు. మంచివాళ్ళు అలాగే మాట్లాడతారని ఎవరు చెప్పారో కూడా గుర్తులేదు.

ఓనరు గదిలో మీటింగు పెట్టాము. ఓనరు, కెప్టెన్, మాస్టారు, నేను.

"దీనికి సులువైన దారి ఉంది. కెప్టెన్ గూడా మన మాదిరే మాట్లాడితే సరిపోతుంది. నౌకంతా ఒకే భాష" అన్నాను నేను.

కెప్టెన్ లేచి నిలబడ్డాడు. "ఏం మాట్లాడతాండావప్పా నువ్వు? నౌక కూలిపోతాండాది అంటే ఎవురన్నా నమ్ముతారా? కూలిపోతోంది అనల్ల! అప్పుడే గదా భయమైతాది!"

ఈ మాట ఆయన ఏ భాషలో అన్నాడో ఆయన తప్ప గదిలో అందరూ గమనించారు. నేను మాస్టారు వైపు చూశాను, సాయం వస్తాడని. ఆయన ఇస్త్రీ చొక్కా సవరించుకుని, "కెప్టెన్ అంటే రొంత హోదా ఉండాల్లెండి" అన్నాడు. ఆ నిమిషంలో నాకు కలిగిన అలసట ఇప్పటికీ పూర్తిగా తీరలేదు.

ఓనరే తీర్పు చెప్పాడు. "అవతలి రాజు మంచోడైపోతాడు. నౌకలోకి వస్తాడు. పదకొండో కుర్చీ. శుద్ధంగా మాట్లాడతాడు. కుప్పానికి మర్యాద, మనకు నెమ్మది."

"మరి విలన్?"

"పొగ పెట్టు. నల్లగా, పెద్దగా. పొగకు ఊరు లేదు, కులం లేదు, సంఘం లేదు."

ఈ కబురు చెప్పే పని నాకే పడింది. ఆదివారం షూటింగుకు వచ్చిన అవతలి రాజును షెడ్డు బయటికి తీసుకెళ్ళి చెప్పాను. కిరీటం తీసి మోకాలి మీద పెట్టుకుని విన్నాడు.

"నన్ను చంపేయండి సార్" అన్నాడు.

"అంత మాటెందుకు?"

"నన్ను గాదు, రాజును. పద్దెనిమిదో నాడు దుర్యోధనుడు పడతాడు గదా, ఊరంతా నిలబడి సూస్తాది. ఆడోళ్ళు ఏడుస్తారు సార్, చెడ్డోడికి. అట్ల పడేయండి. పడేముందర నాలుగు మాటలు మాట్లాడి పోతా. ఈ మంచోడైపోవడం నాకు తెలీదు. యాడా ఆడలేదు."

నాకది నచ్చింది. ఓనరు దగ్గరికి పోయి చెప్పాను. ఆయన తలపట్టుకున్నాడు. "కుప్పమోణ్ణి మదనపల్లె కెప్టెన్ చంపినాడంటే కుప్పంలో మన వైర్లు మిగలవప్పా. సావడాలు లేవు. కుర్చీ వెయ్యి." బతకడానికీ వీల్లేదు, చావడానికీ వీల్లేదు. తిరిగి వచ్చి చెబితే రాజు ఒకటే అడిగాడు, "మీసం ఉంచుకోవచ్చునా? వచ్చే నెల భారతం ఉండాది." ఉంచుకోమన్నాము. అది ఆయనకు దొరికిన ఒకే ఒక రాయితీ.

కుర్చీలో కూర్చున్నాక ఆయన అనాల్సింది, "ధన్యవాదములు కెప్టెన్. ఇకపై నేనును మీలో ఒకడిని." వారం రోజులు నేర్చుకుని వచ్చాడు. తప్పు లేకుండా అన్నాడు. శిలాఫలకం చదివినట్టుంది. మళ్ళీ అన్నాడు, ఈసారి ఎవరి సమాధి రాయో చదివినట్టుంది. మూడోసారికి ఆ గొంతు ఎక్కడికి పోయిందో, పక్క కుర్చీలో డాక్టరుకు కూడా వినపడలేదు. కెప్టెన్ గడియారం చూసుకుని, "అందురు మాదిరే చెప్పిచ్చేస్తే పోలా" అన్నాడు. అందరి మాదిరే చెప్పించాము. "అలాగే కెప్టెన్."

ఆ భాగాన్ని కుప్పంలో మాస్టారు పనిచేసే బడి ఆవరణలో అందరికీ చూపించాలని, అదే వేదిక మీద అవతలి రాజుకు సన్మానం చేయాలని ఏర్పాటు చేశారు. ఓనరు క్యాసెట్టు ఇచ్చి నన్ను పంపాడు. బల్ల మీద టీవీ, ముందు చాపలు, వెనక బెంచీలు. పాలిష్ యూనిట్ల నుంచి పనివాళ్ళు ఒంటి మీద రాతిపొడి కూడా దులుపుకోకుండా వచ్చారు. ముందు వరుసలో అవతలి రాజు తల్లి. ఆమెను నేనదే చూడడం. కొడుకు గొంతు ఎవరి నుంచి వచ్చిందో ఆమె పక్కవాళ్ళను జరగమన్నప్పుడే తెలిసిపోయింది.

మాస్టారు శాలువా కప్పి బాగా మాట్లాడాడు. "ఇన్నాళ్ళూ మన మనిషి బయట నిలబడి అరిచినాడు. ఈ పొద్దు లోపల కుర్చీలో కూసున్నాడు" అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. మాస్టారి కళ్ళలో నీళ్ళు ఉన్నాయి. అవి నిజమైనవి.

తర్వాత క్యాసెట్టు వేశారు. కెప్టెన్ మాట్లాడాడు. పొగ వచ్చింది. కెప్టెన్ మళ్ళీ మాట్లాడాడు. అవతలి రాజు డాక్టరు భుజం వెనకాల సగం మీసంతో కనపడ్డాడు. జనం ఈలలు వేసి, ఆయన ఏం మాట్లాడతాడో వినాలని ఒక్కసారిగా సద్దుమణిగారు. "అలాగే కెప్టెన్" అన్నాడు. వాళ్ళు ఇంకా ఎదురు చూస్తున్నారు. భాగం అయిపోయి పేర్లు వస్తున్నాయి.

ముందు వరుస నుంచి తల్లి గొంతు, "ఏమిరా, గొంతు బాగలేదా నీకి?"

కొందరు నవ్వారు. తర్వాత నవ్వలేదు. వెనక బెంచీల నుంచి పాలిష్ పనివాడొకడు అరిచాడు, "రాజా! ఒక్క మాట అనప్పా! దావ తప్పొచ్చినావా అను!" ఇంకో నలుగురు అందుకున్నారు. ఆయన మైకు వైపు లేచాడు. శాలువా సర్దుకుని, ఊపిరి పీల్చుకున్నాడు. నాకు తెలుసు ఆ ఊపిరి. మాస్టారు కంగారుగా మైకు మీద చెయ్యి పెట్టి, "వద్దప్పా, వద్దు. అదంతా పాతది. ఇప్పుడు మనం ఆడ లేము గదా" అన్నాడు. బతిమాలినట్టే అన్నాడు. అవతలి రాజు పీల్చిన ఊపిరి వదిలేసి, వెళ్ళి కూర్చున్నాడు.

సీరియల్ తర్వాత సంగతి ఇక్కడే చెప్పేస్తాను. పొగను చూడ్డానికి ఎవరూ రాలేదు. పుంగనూరు ఆటోవాళ్ళు మామూలుగా పిలవడం మొదలుపెట్టారు. కొన్నాళ్ళకు ఒక ఆదివారం మేము వేయలేదు, ఎందుకు వేయలేదని అడిగినవాళ్ళు లేరు. సోమవారం మెట్ల మీద కూడా ఎవరూ లేరు. ఎవరి మనసూ నొప్పించకుండా ఆగిపోయిన సీరియల్ మాదొక్కటే అయ్యుండాలి. షెడ్డులో ఇప్పుడు టమోటా పెట్టెలు పెడుతున్నారు.

సన్మానం జరిగిన ఆ సాయంత్రం అవతలి రాజు నన్ను బస్సెక్కించడానికి కుప్పం బస్టాండుకు వచ్చాడు. వద్దంటే వినలేదు. శాలువా మడిచి చంకలో పెట్టుకున్నాడు. టీ తాగాము. దారిన పోయేవాళ్ళు ఆయనకు నమస్కారాలు పెడుతున్నారు, మునుపటిలా ఎవరూ 'దావ తప్పొచ్చినావా' అని పలకరించడం లేదు. నాకు ఆ మర్యాద చూడ్డం కష్టంగా ఉంది.

"ఈ ఆదివారం నుంచి నేను రాను సార్. ఓనరుకు మీరే చెప్పండి" అన్నాడు.

"తొందరపడొద్దు. వచ్చే వారం నీకు మాటలు ఎక్కువ రాస్తాను. ఒక పేజీ రాస్తాను."

"ఏ బాసలో?"

నేను మదనపల్లె బస్సు వచ్చే వైపు చూశాను. ఆయన టీగ్లాసు బల్ల మీద పెట్టి, కోపం లేకుండా, రాయి మీద చెయ్యి పెట్టి నునుపు చూసే మనిషిలా నిదానంగా అన్నాడు.

"మీకు మా మనిషి కావాల్సొచ్చినాడు సార్. మా మాట గాదు."